ఒక చేత్తో కెమెరా.. ఒక చేత్తో గాలం

నెల్లూరు తీరంలో ఇరవై ఏళ్లుగా వార్తా ఫొటోలు తీస్తున్న ఓ ఫొటోగ్రాఫర్ తన ఉద్యోగం గురించి, తీరిక వేళ వ్యాపకం గురించి చెబుతున్న సంగతులివి. ఫొటో జర్నలిజం వైపు రావాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఒకసారి చదవండి.

ఉదయం ఐదున్నర. ఊటుకూరు దాటాక పెన్నా సముద్రంలో కలిసే చోట మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నా. తూర్పున ఎరుపు ఇంకా పూర్తిగా రాలేదు. ఆటు మొదలై నీళ్లు నదిలోంచి సముద్రంలోకి జారుతున్నాయి. చిన్న చేపలు ఆ నీళ్లతోపాటే కొట్టుకొస్తాయి. వాటి కోసం పెద్దవి ఇసుక మేట అంచున కాచుకుని ఉంటాయి. మూడోసారి దారం విసిరానో లేదో జేబులో ఫోను మోగింది.

‘అన్నా, హైవే మీద బస్సు బోల్తా పడింది. ఎక్కడున్నావ్?’ మా రిపోర్టర్ గొంతు.

నడుం దాకా తడిసి, ఈకల ఎర పట్టుకుని ఏట్లో నిలబడ్డానని ఎలా చెప్పను? ‘వచ్చేస్తన్నాలే’ అన్నా. రాడ్డు నాలుగు ముక్కలుగా విడదీసి గొట్టంలో పెట్టి, బండి ఎక్కా. కెమెరా బ్యాగు ఎప్పుడూ నాతోనే ఉంటుంది. ముప్పావు గంటలో అక్కడున్నా. ఆ రోజు చేప పడలేదు. మర్నాడు ఫొటో మాత్రం పడింది.

ఈ మధ్య ఒక డిగ్రీ కాలేజీలో పిల్లలతో మాట్లాడమని పిలిచారు. చివర్లో ఒక అమ్మాయి లేచి అడిగింది: ‘సర్, ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. బస్సు బోల్తా పడితే మీరు వెళ్లేలోపు యాభై వీడియోలు వచ్చేస్తాయి. ఇక మీరెందుకు?’ అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఏదో సమాధానం చెప్పి బయటపడ్డాగానీ, అది సమాధానం కాదని నాకు తెలుసు. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నా.

కలెక్టరేట్ నుంచి శ్రీహరికోట దాకా

ముందు రోజువారీ పని సంగతి. బయటి నుంచి చూసేవాళ్లకు తుపాన్లు, రాకెట్లు, ఎన్నికలే కనిపిస్తాయి. నిజానికి మా పనిలో ఎక్కువ భాగం చాలా మామూలుగా ఉంటుంది. సోమవారం అనుకోండి, కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ పట్టుకుని వరుసలో కూర్చున్న ముసలవ్వలు. మధ్యాహ్నానికి వీఆర్సీ సెంటర్లో ధర్నా. ఆ తర్వాత టౌన్‌హాల్లో సన్మానం, గాంధీబొమ్మ దగ్గర మానవహారం, కస్తూర్బా కళాక్షేత్రంలో ఏదో వార్షికోత్సవం. శాలువా కప్పేటప్పుడు ఒక క్లిక్కు, జ్యోతి వెలిగించేటప్పుడు ఒక క్లిక్కు. ఇలాంటి ఫొటోలు నెలకు వంద తీస్తాం. వాటిలో ఒక్కటీ మనకు గుర్తుండదు. కానీ సన్మానం చేయించుకున్నాయన దాన్ని కత్తిరించి ఫ్రేము కట్టించుకుంటాడు. అందుకే అది కూడా సరిగ్గానే తీయాలి.

సాయంత్రానికి డెస్క్ నుంచి ఫోన్లు మొదలు. ‘టాబ్లాయిడ్ మొదటి పేజీకి నిలువు ఫొటో కావాలి’, ‘మెయిన్‌కు అడ్డం ఫొటో ఉందా?’, ‘వరికోతల ఫొటోలో యంత్రం కాదు, మనిషి కావాలి’. పేజీ పెట్టేవాడికి ఏ ఆకారం కావాలో ముందే ఊహించి రెండు రకాలుగా తీసుకుని రావడం మా వృత్తిలో మొదటి పాఠం. దీన్ని ఏ కోర్సులోనూ గట్టిగా చెప్పరు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తిట్లతో వచ్చేస్తుంది.

ఏటా వచ్చే పనులు కొన్ని ఉంటాయి. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి దాన్ని అందుకుంటారు. సంతాన రొట్టె, వివాహ రొట్టె, ఆరోగ్య రొట్టె ఉన్నట్టే ఉద్యోగ రొట్టె కూడా ఉంటుంది. దాని దగ్గర రద్దీ చూస్తే నిరుద్యోగం గురించి నివేదికలేవీ చదవక్కర్లేదు. చలికాలంలో నేలపట్టుకు, పులికాట్‌కు పక్షులు వస్తాయి. ఆ ప్రాంతం 2022లో జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా మా కెమెరాలకు ఆ సరిహద్దు ఇంకా అలవాటు కాలేదు. శ్రీహరికోట కూడా అంతే. 2023 జులై 14న చంద్రయాన్-3 బయల్దేరింది మధ్యాహ్నం 2.35కి. రాకెట్ ఫొటోలో ఒక ఇబ్బంది ఉంది. గంటల కొద్దీ ఎదురుచూస్తాం, పని కొన్ని సెకన్లలో అయిపోతుంది. తప్పు జరిగితే ‘ఇంకొక్కసారి సర్’ అని అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.

పడవ మూతి ఎటుంది?

2010 నవంబరులో జల్ తుపాను. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. తీరం వెంట పాలేలను ఖాళీ చేయిస్తున్నారు. నేను ఒక పట్టపుపాలెం దగ్గర ఒడ్డున నిలబడి ఉన్నా. ఎదురుగా మనిషెత్తు అల. దాని ముందు ఫైబర్ పడవ. పడవ అంచు పట్టుకుని ఒంటి మీద చొక్కా లేని ఒకాయన. వెలుతురు, అల, మనిషి మూడూ ఒక్క క్షణం కలిశాయి. తీశా. బాగా వచ్చింది. డెస్క్‌కు పంపుతూ కింద ‘హెచ్చరికలున్నా సముద్రంలోకి వెళ్తున్న మత్స్యకారుడు’ అని రాశా. ఎవరినీ అడగలేదు. వాన పడుతోంది, టైం లేదు, చూస్తే అలాగే అనిపించింది. డెస్క్‌లో ఎవరో దానికి ‘బేఖాతరు’ అని శీర్షిక పెట్టారు.

మర్నాడు ఫొటో పెద్దగా వచ్చింది. ఆఫీసులో అందరూ భుజం తట్టారు.

ఆ ఫొటో ఆయన మీద ఏం తెచ్చిపెట్టిందో నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు మామూలు గాలం వేసే అలవాటు ఉండేది. ఒక ఆదివారం అదే పాలెం పక్కన ఉప్పుటేట్లో ఎర వేసి కూర్చుని ఉన్నా. వెనక నుంచి ఎవరో వచ్చి నిలబడ్డారు.

‘పేపరాయనవి గదా నువ్వు?’

తిరిగి చూశా. గుర్తుపట్టడానికి కొన్ని క్షణాలు పట్టింది. ఆయనే.

‘ఆ పొద్దు నా బొమ్మ ఏసినావే, దాంట్లో పడవ మూతి ఎటుండాదో సూసినావా సామీ?’

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. సముద్రంలోకి పోయే పడవ మూతి అల వైపు ఉంటుంది. ఫొటోలో మూతి ఒడ్డు వైపు ఉంది. ఆయన సముద్రంలోకి వెళ్లడం లేదు. అలలు లాక్కెళ్లబోతున్న పడవను ఒడ్డుకు చేర్చుకుంటున్నాడు. అది కూడా ఆయనది కాదు, ఊళ్లో లేని వేరేవాళ్లది. పేపరు చూసి అధికారులు వచ్చి పునరావాస కేంద్రంలో అందరి ముందు నిలదీశారట. ‘నీలాంటోళ్ల వల్లే మాకు చెడ్డపేరు’ అన్నారట. ఆయన ఎంత చెప్పినా పేపర్లో పడింది గదా అన్నారట. పాలెంలో ప్రతి పిల్లకాయా ఆ ఫొటో చూడగానే మూతి ఎటుందో చెప్పాడు. ఫొటో తీసిన నేను, శీర్షిక పెట్టిన డెస్క్, చూసిన అధికారులు.. ఒక్కరం కూడా చెప్పలేకపోయాం.

క్షమించమని అడిగా. ‘సరేలే’ అన్నాడు. అది క్షమించినట్టు కాదు, మాట అక్కడితో ఆపినట్టు. సవరణ వేయించే ప్రయత్నం నేను చేయలేదు. నాలుగు నెలలైపోయింది, ఇప్పుడెందుకు తవ్వడం అనుకున్నా. ఆ రోజు మా ఎడిటర్‌కు ఒక్క ఫోను చేసి ఉండాల్సింది. ఇప్పటికీ నాకు ఆ ఫొటో కన్నా ఆ చేయని ఫోనే ఎక్కువ గుర్తొస్తుంది.

ఆ తర్వాత నా పని పద్ధతి మారింది. ఫొటోలో ముఖం కనిపించే ప్రతి మనిషినీ పేరు, ఊరు, ఏం చేస్తున్నారు అని అడిగి చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటా. వీలైతే కెమెరా వెనక తెరమీద ఫొటో చూపించి, ‘నేనిలా రాస్తా, సరేనా?’ అంటా. ఒక్కోసారి రెండు నిమిషాలు పోతాయి. ఆ రెండు నిమిషాల్లో పక్కవాడికి నా కన్నా మంచి ఫొటో దొరుకుతుంది కూడా. పర్లేదు. కాలేజీలో అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న సమాధానంలో సగం ఇదే. యాభై ఫోన్లలో యాభై వీడియోలు ఉంటాయి. వాటిలో పడవ మూతి ఎటుందో, దాన్ని పట్టుకున్న మనిషి ఎవరో కనుక్కుని, తన పేరు కింద పెట్టి బాధ్యత తీసుకునేవాళ్లు ఎంతమంది?

బరువు ఎరలో కాదు.. దారంలో

ఇక ఈకల ఎర సంగతి. ఫ్లై ఫిషింగ్ అంటే మన దేశంలో చాలామందికి హిమాచల్ ట్రౌట్‌లు, హిమాలయ నదుల మహసీర్‌లు గుర్తొస్తాయి. అండమాన్‌లో సముద్రపు చేపల కోసం విదేశీయులు వచ్చి చేస్తారు. నెల్లూరులో దీని గురించి మాట్లాడితే ‘ఈగల్తో చేపలేంది అబ్బయ్యా?’ అంటారు. నాకూ తెలియదు. అమెరికాలో ఉంటున్న మా పిన్ని కొడుకు 2016లో సెలవులకు వచ్చినప్పుడు తొమ్మిది అడుగుల రాడ్డు ఒకటి తెచ్చి, వెళ్తూ వెళ్తూ ఇక్కడే వదిలేశాడు. అలా అంటుకుంది.

మామూలు గాలంలో సీసం గుండో, ఎరో బరువుగా ఉంటుంది. విసిరితే ఆ బరువు దారాన్ని లాక్కుని పోతుంది. ఫ్లైలో ఎర అంటే కొక్కేనికి చుట్టిన నాలుగు ఈకలు, కాసిని వెంట్రుకలు. దానికి బరువే ఉండదు. ఇక్కడ బరువు దారంలో ఉంటుంది. మందపాటి దారాన్ని తలమీదుగా వెనక్కి విసిరి, అది పూర్తిగా చాచుకునే దాకా ఆగి, అప్పుడు ముందుకు తేవాలి. ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా. తొందరపడితే దారం చెవి చుట్టూ చుట్టుకుంటుంది. మొదటి రెండు నెలలు చెరువు గట్టు మీద గడ్డిలో సాధన చేశా. గేదెలు కాసే పిల్లకాయలకు అంత వినోదం అంతకుముందు దొరికి ఉండదు.

ఎర నేనే కట్టుకుంటా. కోళ్ల అంగడి నుంచి తెచ్చిన పుంజు ఈకలు, తెల్ల మేక వెంట్రుకలు, అలంకరణకు వాడే తళుకు దారం. నీళ్లలో తడిసి కదిలితే చిన్న చేపలా కనిపించాలి. అంతే. ఈ పనికి, ఫొటోగ్రఫీకి పాత చుట్టరికం ఉందని తర్వాత తెలిసింది. ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్‌కు ప్రపంచమంతా పేరు తెచ్చినవాళ్లలో ఒకరైన లెఫ్టీ క్రే (1925-2018) అమెరికాలో బాల్టిమోర్ సన్ పత్రికకు రాసేవాడు, స్వయంగా ఫొటోగ్రాఫర్. ఆయన రూపొందించిన ‘లెఫ్టీస్ డిసీవర్’ అనే ఈకల ఎర బొమ్మతో అమెరికా తపాలా శాఖ 1991లో స్టాంపు వేసింది. నేను పెన్నా దగ్గర వాడేది దాని నాటు రూపమే.

నా ఆశంతా పండుగప్ప మీద. ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసే చోట తిరిగే చేప. మాటు వేసి కొడుతుంది. దీని గురించి ఒక సంగతి తెలిశాక నా తీరే మారిపోయింది. పండుగప్పలు మొదట మగవిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడవిగా మారతాయి. అంటే బాగా పెద్ద చేప పడిందంటే అది దాదాపు కచ్చితంగా గుడ్లు పెట్టే తల్లి. అందుకని పెద్దదాన్ని ఎప్పుడూ ఇంటికి తేను. కొక్కెం ముల్లు ముందే నొక్కేసి ఉంచుతా కాబట్టి తేలిగ్గా వస్తుంది. నీళ్లలోనే పట్టుకుని, తేరుకున్నాక వదిలేస్తా. మా ఇంట్లో దీనిపై వాదన ఇంకా నడుస్తోంది. చేపల పులుసుకు పేరుమోసిన నెల్లూరులో, చేపను పట్టి వదిలేసి వచ్చే మనిషిని ఏమనుకోవాలో మా ఆవిడకు తెలియడం లేదు. అయినా పదిసార్లు వెళ్తే ఎనిమిదిసార్లు ఉత్తచేతుల్తోనే వస్తా. కాబట్టి గొడవ అంత తరచుగా రాదు.

నీళ్లు ఎలా చూడాలో నేర్పింది మాత్రం పుస్తకాలు, వీడియోలు కాదు. ఆ పాలెం పెద్దాయనే. సరేలే అన్న మనిషి తర్వాత ఏడాదికి నా పక్కన కూర్చునేదాకా వచ్చాడు. ఆయన నా రాడ్డును ఎప్పుడూ గౌరవించలేదు. కానీ నీటి పైన ముడతలు ఎక్కడ మారుతున్నాయో, రంగు ఎక్కడ నల్లబడుతోందో, అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎలా పెరుగుతుందో ఓపిగ్గా చెప్పాడు. ‘పైన సుడి తిరగతా ఉండాదంటే కింద నేల లేదని అర్థం’ అనేవాడు.

2021 నవంబరులో ఆ మాట పనికొచ్చింది. పెన్నాకు వచ్చిన వరదకు కోవూరు సమీపంలో జాతీయ రహదారి కోతకు గురైంది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. నేను నడుం లోతు నీళ్లలో ఒక లోపలి రోడ్డు మీద వెళ్తున్నా. ముందు ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటూ నడుస్తున్నారు. వాళ్లకు పది అడుగుల ముందు నీటి మీద చిన్న సుడి. గట్టిగా అరిచి ఆపా. కాసేపటికి నీళ్లు తగ్గాక చూస్తే అక్కడ రోడ్డు సగం లేదు. ఆ సుడిని ఫొటో తీయలేదు, గుర్తు రాలేదు. అందరం వెనక్కి వచ్చేశాం. ఫొటో జర్నలిజంలోకి వచ్చేవాళ్లు కెమెరాతోపాటు ఈత కూడా నేర్చుకోండి. తీరంలో పనిచేసేవాళ్లయితే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు చూసే అలవాటు చేసుకోండి.

తీయకూడనివి, చూపకూడనివి

2004 డిసెంబరు 26 సునామీ మన తీరాన్నీ తాకింది. అప్పటికి నేను ఈ వృత్తిలోకి రాలేదు. కానీ ఆ విషాదంలోంచి వచ్చిన ఒక ఫొటో నన్ను ఇటు లాగింది. రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ ఆర్కో దత్తా తమిళనాడులోని కడలూరులో తీసింది. ఆ ఏడాదికి వరల్డ్ ప్రెస్ ఫొటో అత్యున్నత పురస్కారం దానికే వచ్చింది. ఇసుకలో బోర్లా పడి రోదిస్తున్న మహిళ. చనిపోయిన బంధువు శరీరం మనకు కనిపించదు, అంచున చెయ్యి మాత్రమే ఉంటుంది. ఎంత చూపించాలో, ఎక్కడ ఆగాలో ఆ ఒక్క ఫొటో చెబుతుంది.

కొన్నిచోట్ల ఆగడం మన ఇష్టం కాదు, చట్టం. లైంగిక నేరాలకు గురైన పిల్లల గుర్తింపు తెలిసే ఫొటో వేయడాన్ని పోక్సో చట్టం 23వ సెక్షన్ నిషేధిస్తుంది. బాలనేరస్తులు, సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఉంది. ముఖం మసకచేస్తే చాలనుకోవద్దు. ఇల్లు, బడి, తల్లి ముఖం కనిపించినా గుర్తుపడతారు. డ్రోన్ ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్ చూడాలి. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదని 2021 డ్రోన్ నిబంధనలు చెబుతున్నాయి.

ఫొటోను ‘బాగు చేయడం’ ఇంకో ప్రమాదం. 2003 ఇరాక్ యుద్ధంలో లాస్ ఏంజెలిస్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ బ్రయన్ వాల్‌స్కీ రెండు ఫొటోలను కలిపి ఒకటిగా చేసి పంపి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అప్పుడు దానికి కంప్యూటర్ ముందు కూర్చుని కష్టపడాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోన్లో వేలితో రుద్దితే కరెంటు స్తంభం మాయమవుతుంది. అందుకే మీ అసలు ఫైళ్లు చెరపకుండా దాచుకోండి. పెద్ద పోటీల్లో చివరి దశకు వెళ్తే వాటినే అడుగుతారు. ఏదో ఒక రోజు కోర్టు కూడా అడగొచ్చు.

జీతం మాటేంటి?

ఇది దాచిపెట్టి మిగతాదంతా చెబితే మోసం చేసినట్టే. 2013లో అమెరికాలోని షికాగో సన్-టైమ్స్ పత్రిక తన ఫొటోగ్రాఫర్లందర్నీ, మొత్తం 28 మందిని, ఒక్కసారిగా తీసేసింది. వాళ్లలో పులిట్జర్ బహుమతి వచ్చిన జాన్ హెచ్ వైట్ కూడా ఉన్నాడు. ఇకపై రిపోర్టర్లే ఫోన్లతో తీస్తారన్నారు. మన దగ్గర అంత హఠాత్తుగా జరగలేదు గానీ, గాలి అటే వీస్తోంది. ఒకరు మానేస్తే ఆ స్థానంలో మరొకర్ని తీసుకోవడం తగ్గింది. జిల్లాల్లో కొత్తగా చేరే చాలామంది కంట్రిబ్యూటర్లుగానే చేరతారు. అంటే నెల జీతం ఉండదు. అచ్చయినదాన్ని బట్టి లెక్కగట్టే లైన్ అకౌంట్. పెట్రోలు ఖర్చు పోను మిగిలేది చూస్తే ఇంట్లో చెప్పుకోలేరు. నేను మొదలుపెట్టిందీ అలాగే. పెళ్లిళ్ల సీజన్లో ఫొటోలు తీసి, ఆ డబ్బుతో మిగతా ఏడాది నడిపా. ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. పెళ్లి ఫొటోలు తీసినవాడికి వెలుతురు లేని హాల్లో పనిచేయడం వస్తుంది, గుంపులో ముఖ్యుడు ఎవరో ఒక్క చూపులో తెలుస్తుంది.

కాబట్టి ఫొటో ఒక్కటే నమ్ముకుని రావద్దు. వీడియో తీయడం, ఎడిట్ చేయడం, నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా తెలుగులో, ఇంగ్లిష్‌లో రాయడం రావాలి. నెల్లూరులో కూర్చున్నా పీటీఐ లాంటి వార్తా సంస్థలకు, ఇంగ్లిష్ పత్రికలకు ఫొటోలు పంపొచ్చు. వాళ్లు మొదట చూసేది క్యాప్షన్‌నే. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన అనేది ఫొటో ఫైలు లోపలే నింపి పంపడం నేర్చుకోండి. హక్కుల సంగతీ తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేకపోతే, పత్రికలో ఉద్యోగి తీసిన ఫొటోను పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానిది, మిగతా విషయాల్లో హక్కు తీసినవాళ్లది. అసలు మెలిక ఆ ‘ఒప్పందం’లోనే ఉంటుంది. నియామక పత్రంలో చిన్న అక్షరాలు చదవకుండా సంతకం పెట్టొద్దు. నేను చదవలేదు.

చదువు విషయానికొస్తే, ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది. దానికి ఎఫ్‌ఏడీఈఈ ప్రవేశపరీక్ష రాయాలి. పుణెలోని సింబయాసిస్‌లో ఫొటోగ్రఫీకి ప్రత్యేక కళాశాలే ఉంది, ఫీజు చూసుకుని వెళ్లండి. డిగ్రీ అయినవాళ్లు దిల్లీ జామియా మిలియా ఇస్లామియాలో స్టిల్ ఫొటోగ్రఫీ పీజీ డిప్లొమాకు, గాంధీనగర్ ఎన్‌ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎండిజైన్‌కు ప్రయత్నించొచ్చు. నేను వీటిలో ఏదీ చదవలేదు. చదివి ఉంటే కొన్ని తప్పులు తక్కువ చేసేవాణ్నేమో. డిగ్రీ లేకపోయినా తలుపు మూసుకోదు. కానీ మీ ఊరి మీద, మీకు మాత్రమే తెలిసిన ఒక విషయం మీద ఏడాదిపాటు తీసిన ఇరవై ఫొటోలు చేతిలో ఉండాలి. రొయ్యల గుంటల్లో రాత్రి కాపలా కాసేవాళ్లు, బకింగ్‌హాం కాలువ గట్టు మీద బతుకులు, వేట నిషేధం ఉన్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పాలేల్లో మనుషులు ఏం చేస్తారు.. మన పక్కనే ఎన్ని లేవు! సూర్యోదయాల ఫొటోలు మాత్రం తేవద్దు. అవి నా దగ్గరే నాలుగు వేలున్నాయి.

కెమెరా కొత్తది కొననక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్ బాడీ, ఒక మంచి లెన్సు చాలు. మన తీరంలో ఉప్పుగాలి కెమెరాల్ని తినేస్తుంది. బీచ్ నుంచి రాగానే కాస్త తడిపిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టండి. రాడ్డు రీలుకైనా ఇంతే సేవ. మా ఇంట్లో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఒకసారి బ్యాగు విదిలిస్తే కలెక్టర్ ప్రెస్‌మీట్లో మెమరీ కార్డు బదులు పుంజు ఈక బయటపడింది.

పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం మళ్లీ ఆ పాలెం దగ్గరే ఉన్నా. సముద్రం కాస్త ముందుకొచ్చి ఒడ్డు కోసుకుపోతోంది. పెద్దాయన తన వల బాగుచేసుకుంటూ ఇసుకలో కూర్చున్నాడు. డెస్క్ నుంచి ఫోను: ‘ఒడ్డు కోత ఫొటో కావాలి. ఉత్త సముద్రం వద్దు, మనిషి ఉండాలి.’ చుట్టూ చూశా. మనిషంటే ఆయన ఒక్కడే. 2010 తర్వాత ఆయన ఫొటో నేను తీయలేదు. ఒకసారి అడిగితే ‘వొద్దులే’ అన్నాడు, అంతే. ఆ రోజు మళ్లీ అడిగా.

వల మీద నుంచి తలెత్తకుండా, ‘కింద ఏం రాస్తావో ముందు సెప్పు’ అన్నాడు.

అక్కడే నోటుపుస్తకం తీసి రాశా. పేరు, పాలెం, ఒడ్డు ఎన్ని అడుగులు పోయిందని ఆయన చెప్పాడో అది, ఆయన వల బాగుచేసుకుంటున్నాడన్నది. చదివి వినిపించా. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివా. అప్పుడు వల పక్కన పెట్టి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి సరిగ్గా చుట్టుకుని, ‘ఊ, తియ్యి’ అన్నాడు.